నడిమి గోడ తీసిన ఎండాకాలం

పోయిన నెల ఎమ్మిగనూరు సంతలో ఒక ముసలి రైతు నా ముందు జొన్నల మూట విప్పాడు. పైన గింజలు తెల్లగా గుండ్రంగా చూడముచ్చటగానే ఉన్నాయి గాని, అడుగు దాకా చెయ్యి పెట్టి ఒక గుప్పెడు పైకి తీసేసరికి గుప్పుమని వాసన కొట్టింది. పులుపూ వెచ్చదనమూ కలిసిన వాసన, గొంతు వెనక పట్టుకుని వదలనిది. రైతు నొచ్చుకున్నాడు. అడుగున చెమ్మ తగిలిందమ్మా, ఒక ఎండకు పోతుంది అన్నాడు. నేను జొన్నలు కొనకుండానే వచ్చేశాను. ఆ వాసన అంతకుముందు నేను ఒక్కసారే చూశాను. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. ఆదోనిలో మా ఇంటి వెనక గదిలో, పట్టపగలు, మా నాయన నిలుచున్నవాడు నిలుచున్నట్టే నేలలోకి దిగబడిపోయిన రోజున.

మేము దూదేకులవాళ్ళం. మా నాయన దస్తగిరి పరుపులు, దిండ్లు కుట్టేవాడు. చలికాలం వచ్చిందంటే ఆదోని ఊరంతా పత్తే. చుట్టుపక్కల పల్లెల నుంచి పత్తి బండ్లు మిల్లుల ముందు బారులు తీరేవి, ఎద్దుల గంటలు తెల్లవార్లూ మోగేవి, గాలికి లేచిన దూది పింజలు ముళ్ళకంపలకూ కరెంటు తీగలకూ పట్టుకుని వేలాడేవి, మేము పిల్లలం వాటిని ఏరుకుని బొమ్మలకు పరుపులు కుట్టుకునేవాళ్ళం. నాయన ముందు గదిలో కూర్చుని, పైనుంచి వేలాడే పెద్ద విల్లు తంతిని కట్టెతో కొడుతుంటే ఆ మోత ఇంటి గోడల్లోకి ఇంకిపోయేది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా సాయంత్రానికి కనుబొమ్మలు తెల్లబడేవి. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర, రాత్రి మళ్ళీ రొట్టే. ఏది తిన్నా పంటి కింద ఒక దూదిపోగు తగలకుండా ఉండేది కాదు.

ఆ ఇంట్లో మాతోపాటు మా అత్త ఉండేది, నాయనకు అక్క, పేరు హుసేనమ్మ. ఉసేనమ్మత్త అనేవాళ్ళం. నాయన కంటే చాలా పెద్దది. పెద్దకడుబూరులో ఇచ్చారు, మొగుడు జ్వరంతో పోయాక పుట్టింటికి వచ్చేసింది, వచ్చినప్పటి నుంచి వెనక గదిలోనే ఉంది. నాకు తెలిసినంతవరకు ఊరు దాటి ఎక్కడికీ పోలేదు. బొంతలు కుట్టడంలో ఆమెకు ఎదురు లేదు. ఎదుటి మనిషిని నమ్మకపోవడంలోనూ అంతే. పాలు పోసే ఆమె కళ్ళముందే పాలలో వేలు ముంచి నేల మీద చుక్క వేసి, అది ఎంత దూరం పారుతుందో చూసేది. మార్కెట్లో వంకాయలు ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని నొక్కేది. మంచినీళ్ళైనా వాసన చూడకుండా తాగేది కాదు. ఆమె పెట్టెకు రెండు తాళాలు, ఆ రెండింటి చెవులూ నడుముకు. బయటికి పోయేటప్పుడు గది తలుపుకు అడ్డంగా ఒక దారప్పోగు కట్టి పోయేది. తిరిగొచ్చాక తెగిందో లేదో చూసుకునేది. ఒకటి రెండుసార్లు పిల్లి తెంపింది గాని ఆ మాట అత్త ఒప్పుకోలేదు. అమ్మకూ ఆమెకూ మాటలుండేవి, కాని ఎంత కావాలో అంతే, కొలిచి పోసినట్టు.

డెబ్బైల చివరలో ఒక ఏడు నాయన రాయచూరుకు పోయి కరెంటుతో దూది ఏకే మిషను చూసి వచ్చాడు. అప్పటికే విల్లు దెబ్బలకు ఆయన భుజం పడిపోయింది, రాత్రిళ్ళు పక్కకు తిరగలేక మూలిగేవాడు. మిషను పెట్టాలి, పెట్టాలంటే చోటు కావాలి. మాది మట్టి మిద్దె. రెండు గదులు, మధ్యలో ఒక లావుపాటి రాతి గోడ. ముందు గది పైకప్పు మోసే దంతెల కొనలు ఆ గోడ మీదే ఆనుకున్నాయి, వెనక గది దంతెల కొనలూ ఆ గోడ మీదే. దంతెల మీద కర్రలు, వాటి మీద మూరెడు మందాన చవుడు మట్టి. అంటే ఇంటి నెత్తి మీది బరువులో సగం ఆ నడిమి గోడదే. ఆ గోడ తీసి, దాని చోట పైన ఇనుప దూలం వేస్తే రెండు గదులూ ఒక్క సాల అవుతాయని, మిషనూ పడుతుంది, పరుపులు పరిచి కుట్టుకోనూ వచ్చునని నాయన లెక్క. ఆ ఉగాదికి ముందు ఒక సాయంత్రం రొట్టె తింటూ ఈ మాట చెప్పాడు. అమ్మ అప్పటికే విన్నట్టు తల వంచుకుని ఉంది. అత్త చేతిలో రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేసింది.

"మరి నేను యాడ పండుకోవల్ల?" అంది.

"ఈన్నే, అక్కా. యాడికి పోతావు? గోడ ఒక్కటే గదా పొయ్యేది" అన్నాడు నాయన. అయితే పని జరిగేటప్పుడు మిద్దె కింద ఉండకూడదు కాబట్టి ఒక నెల ఎమ్మిగనూరులో చిన్నాయన ఇంట్లో ఉండి రమ్మన్నాడు.

అత్త లేచింది. చెయ్యి కడుక్కుని తన గదిలోకి పోయి మంచాన్ని ఆ గోడకు ఆనించి వేసుకుని పడుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరూ అందరినీ ఒక కంట కనిపెట్టడం మొదలైంది. నేను అత్త పక్కన పడుకునేదాన్ని. దీపం ఆర్పాక అత్త అడిగేది, మీ అమ్మ ఎమ్మిగనూరు మాట ఏమన్నా ఎత్తిందా అని. పొద్దున జడ వేస్తూ అమ్మ అడిగేది, మీ అత్త రాత్రి ఏమనింది అని. నాకు ఇద్దరి మీదా అనుమానం పుట్టింది. అమ్మ, అత్త పళ్ళెం వేరుగా తీసి పెడుతుంటే ఎందుకు వేరుగా పెడుతోందా అని చూసేదాన్ని. అత్త పెట్టె తెరిచి గుడ్డలు మళ్ళీ మళ్ళీ మడత పెడుతుంటే ఏం దాస్తోందా అని చూసేదాన్ని. నాయన మాత్రం నాకు మంచివాడిలాగే కనిపించేవాడు. అయితే ఒక రోజు ఆయన గది గుమ్మంలో నిలబడి కళ్ళతోనే అత్త మంచం పొడవు కొలుస్తున్నట్టు అనిపించి, ఆయన మీద కూడా నమ్మకం పోయింది.

మేస్త్రీ హొళగుంద మనిషి, ఈరన్న. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. చెవిలో బీడీ ముక్క ఉండేది. పనిలో పడితే గంటల కొద్దీ ముట్టించకుండా అట్లే ఉంచుకునేవాడు. వచ్చీ రాగానే మిద్దె ఎక్కి, పైనున్న చవుడు సగం గీయించి కిందికి దించాడు, బరువు తగ్గాలని. తర్వాత గోడకు ఇటు ఒక బారు, అటు ఒక బారు, దంతెల కింద అడ్డంగా లావుపాటి మాను దూలాలు పెట్టి, వాటి కింద వరసగా ఊతకర్రలు నిలబెట్టాడు. కర్ర అడుగున చెక్క పలక, పలకకూ కర్రకూ నడుమ రెండు వైపుల నుంచి చెక్క చీలలు, వాటిని సుత్తితో కొంచెం కొంచెం బిగిస్తూ పోతే పైన దంతెలు కిర్రుమని గోడ మీది నుంచి వెంట్రుకవాసి లేచాయి. ఇప్పుడు మిద్దె గోడ మీద లేదు, కర్రల మీద ఉంది అని అందరినీ పిలిచి చూపించాడు. అత్త గదిలో ఆమె మంచానికీ పెట్టెకూ నడుమ కర్రలు మొలిచాయి. ఆమె మంచం దిగలేదు. మేస్త్రీ బతిమాలాడు, చిన్నాయన ఎమ్మిగనూరు నుంచి వచ్చి బతిమాలాడు. ఆమె వినలేదు. పగలంతా కర్రల మధ్య కూర్చుని బొంత కుట్టుకుంటూ మేస్త్రీ చేతులు చూస్తూ ఉండేది. అమ్మ అతనికి టీ ఇస్తే, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది.

గోడ పైనుంచి విప్పడం మొదలుపెట్టాక, ఒక్కో రాయీ తీస్తుంటే అత్త ఒక్కో కారణం తీసింది. గోడలో దీపం పెట్టే గూడు ఉంది, పీర్ల పండుగకు మా అవ్వ అందులో దీపం పెట్టేది, దాన్ని పగలగొడితే మంచిది కాదంది. నాయన ఆ గూడు ఉన్న భాగాన్ని పక్క గోడలోకి మార్పిస్తానన్నాడు. తర్వాత రాళ్ళ సందుల్లో తేళ్ళున్నాయి, పసిపిల్లోడు పాకే ఇల్లంది. తమ్ముడు అప్పుడే పాకుతున్నాడు. నిజంగానే రెండు తేళ్ళు బయటపడ్డాయి, మేస్త్రీ చెప్పుతో కొట్టేశాడు. గోడ సగం దిగింది. అప్పుడే కైరుప్పలలో ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకునే పిడకలాట వచ్చి, మేస్త్రీ కూలీలు ఆట చూడ్డానికని పోయి, అందులో ఒకడు తల పగలగొట్టుకుని వచ్చాడు, మిగిలినవాళ్ళు అసలు రాలేదు. సగం గోడ, నెత్తి మీద కర్రల మీద నిలిచిన మిద్దె, పైకప్పులోని గవాచి కంతలోంచి పడే ఎండలో తేలే సున్నపు దుమ్ము. పని ఆగిపోయిన ఆ రోజుల్లో అత్త మూడో కారణం చెప్పింది. ఆ గది నేలలో పాతర ఉందంది.

తాతకు ఒకప్పుడు కొంచెం చేను ఉండేదట, పండిన జొన్నలు ఆ గదిలో పాతర తీసి దాచేవాడట. పైన మూరెడు వెడల్పు నోరు, లోపల కుండ కడుపులాగా గుండ్రంగా, మనిషి లోతు. పాతర ఉన్న సంగతి ఎవరూ బయట చెప్పుకోరు, దొంగల భయం. అత్త చిన్నపిల్లగా ఉన్నప్పుడు నడుముకు తాడు కట్టి ఆమెనే దింపేవారట. చేను అమ్ముకున్నాక నోటికి రాతి మూత పెట్టి, మట్టి కప్పి, పైన నాపబండలు పరిచేశారు. నాయన అప్పటికి పుట్టలేదు. ఈ సంగతి చెప్పి అత్త, పెట్టె పక్కనున్న కర్ర చూపించి, అది పాతర మీదే నిలబెట్టినారు, తియ్యండి అంది.

నాయన ఆమె వైపు తిరిగాడు.

"దీపం గూడు అంటివి. తేళ్ళు అంటివి. ఈ పొద్దు పాతర అంటాండావు. రేపేమంటావక్కా?"

అయినా మేస్త్రీతో చెప్పాడు. ఈరన్న గడ్డపారతో ఆ బండ మీదా, చుట్టుపక్కలా కొట్టి, చెవి పెట్టి విన్నాడు. మూత మీద ఏళ్ళ తరబడి గట్టిపడిన మట్టి ఉండటం వల్లనో ఏమో, మోత అన్నిచోట్లా ఒకటే వచ్చింది. "ఏనూ ఆగల్లమ్మా, ఏం కాదు" అన్నాడు. అమ్మ లోపలికి పోతూ పోతూ, మిషను రాకుండా ఉండాలంటే పాతరేం, సముద్రమే ఉందంటారు అని మెల్లగా అనింది. అత్త విన్నది. అప్పటి నుంచి నోరు మూసుకుంది గాని చెయ్యి మూసుకోలేదు. పెరట్లోంచి మట్టి తెచ్చి తడిపి, ఆ బండకూ పక్క బండకూ నడుమ సందులో రుద్దింది. పొద్దున, మధ్యాహ్నం వంగి ఆ మట్టి పగిలిందేమోనని చూసుకునేది.

కూలీలు తిరిగొచ్చి పని మొదలైన రోజు. ఎండ మండిపోతోంది. మేస్త్రీ గోడ నడిమి రాళ్ళు తీస్తున్నాడు. నాయన మిద్దె మీది నుంచి అప్పుడే దిగి, ఒళ్ళంతా చవుడుతో, దాహంతో ఉన్నాడు. నేను తమ్ముణ్ణి చంకనెత్తుకుని గుమ్మంలో ఉన్నాను. అత్త లోపలి నుంచి పిలిచింది.

"దస్తగిరీ, ఈ బండ దిగుతాంది. మట్టి పెట్టినా సూడు, బీట్లు ఇచ్చింది."

నాయన లోపలికి పోయాడు. వంగి ఆ మట్టి చూస్తాడనుకున్నాను. చూడలేదు. ఆ కర్ర పక్కన నిలబడి, "యాడ దిగింది? సూడు మల్ల" అంటూ కుడికాలెత్తి బండ మీద గట్టిగా తొక్కాడు. ఏమీ కాలేదు. అక్క వైపు తిరిగి, రెండోసారి తొక్కాడు.

పిడుగు లాంటి చప్పుడేమీ రాలేదు. రోట్లో రోకలి పడ్డట్టు ఒక్క మోత. బండ రెండుగా విరిగింది, నాయన చంకల దాకా నేలలో ఉన్నాడు. ఊతకర్ర అడుగు జారి పక్కకు ఒరిగింది, పైన అడ్డదూలం ఆ కొస కిందికి వాలింది, రెండు దంతెల నడుమ నుంచి మట్టి ధారగా కారడం మొదలైంది. అప్పుడు వచ్చింది ఆ వాసన, గది అంతా నిండుకుని గుమ్మం దాకా. పాతర అడుగున ఎప్పటి జొన్నలో మిగిలిపోయి, మురిగి, ఆ గాలి అన్నేళ్ళూ అక్కడే ఉండిపోయింది. నాయన ఏదో చెప్పబోయాడు, మాట రాలేదు, కళ్ళు తేలిపోయాయి. కాలికింద ఏమీ లేదు, చేతులతో పగిలిన బండ అంచు పట్టుకున్నాడు, ఆ అంచు కూడా పలుకులు పలుకులుగా రాలుతోంది. ఆయన తల నేలకు సమంగా వచ్చేసింది.

అత్త అరవలేదు. మంచం మీది నుంచి దిగి నేల మీద బోర్లా పడుకుని ఆయన చంకల కింద రెండు చేతులూ దూర్చింది. "నోరు మూసుకో, ఆ గాలి పీల్చొద్దు" అంది, తలుపు వేసి రమ్మని చెప్పినంత మామూలుగా. మేస్త్రీ సుత్తి పారేసి ఇటు పరిగెత్తుకొచ్చాడు. అత్త తలెత్తకుండానే అతనితో అంది:

"నువ్వు పైన సూసుకో. వీన్ని నేను సూసుకుంటా."

అతను వెనక్కి తిరిగి ఇంకో కర్ర అందుకుని ఆ దూలం కిందికి దూర్చి చీలలు కొట్టసాగాడు. అమ్మ వంటింట్లోంచి జొన్నపిండి చేతులతోనే వచ్చింది. ఒక్క క్షణం గుమ్మంలో ఆగింది. పైనుంచి మట్టి రాలుతూనే ఉంది. తర్వాత వచ్చి అత్త వెనక కూర్చుని, ఆమె నడుము రెండు చేతులతో పట్టి, కాలు మంచం కోడుకు తన్ని వెనక్కి లాగింది. తాళంచెవుల గుత్తి అమ్మ అరచేతిలో గుచ్చుకుని నెత్తురు కారింది. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఆయన్ను బయటికి లాగేసరికి నాయన ఒంట్లో చొక్కా అనేది లేదు, కడుపంతా గీరుకుపోయింది. పెరట్లో వేప నీడలో పడుకోబెడితే వాంతి చేసుకున్నాడు, తర్వాత ఊపిరి తీసుకుని ఏడ్చాడు. మా నాయన ఏడవడం నేను అదే చూడటం. చీలమండ బెణికి వంకాయంత వాచింది. అంతకంటే ఏమీ కాలేదు.

అమ్మ అత్తకు చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అత్త ఆ నీళ్ళు వాసన చూసే తాగింది.

ఆ రోజు ఎవరూ లోపలికి పోలేదు. సాయంత్రం పెరట్లోనే పొయ్యి పెట్టి రొట్టెలు కాల్చారు. నాయన మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. చెంబు తోముతూ తోముతూ అమ్మ ఉన్నట్టుండి ఆగి, అత్త వైపు చూడకుండానే చెప్పింది:

"వదినా, నువ్వు ఆన్నే ఉండిపోవల్లని, నిన్ను పిల్సుకపొమ్మని ఎమ్మిగనూరికి సెప్పి పంపించింది నేనే. మీ తమ్మునికి తెల్దు."

"నాకు తెలుసు" అంది అత్త.

తర్వాత అత్త చెప్పింది. మాకెవరికీ అంతకుముందు ఎప్పుడూ చెప్పని సంగతి. పెద్దకడుబూరులో మొగుడు పోయిన ఏడాది, వానాకాలం ముందు, బావలు వచ్చి మిద్దె కారుతాంది, చవుడు మార్చల్ల, పని అయ్యేంతవరకు ఒక పది రోజులు మీ అమ్మ కాడ ఉండు అన్నారట. ఆమె నమ్మి, కట్టుబట్టలతో ఆదోనికి వచ్చింది. పది రోజులు అన్నవాళ్ళు నెల దాటినా కబురు చెయ్యకపోతే తనే నడిచిపోయింది. మిద్దె మీద కొత్త మట్టి వేసిన జాడే లేదు. ఆమె గదిలో బావ కొడుకు మంచం ఉంది. ఆమె పెట్టె బయట అరుగు మీద ఉంది, తాళం పగలగొట్టి. ఎవరూ ఆమెను పొమ్మనలేదట. రమ్మనలేదు కూడా. గడప దగ్గర కొంచెంసేపు నిలబడి, పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చేసిందట. మా అవ్వకు కూడా, నాకే ఆడ ఉండబుద్ధి కాలేదని చెప్పిందట.

"గోడ కావల్లంటే తీసుకోండి. ఇల్లు బాగు జేసేదాకా యాడన్నా ఉండు అని మాత్రం నాతో అనద్దండి" అంది.

అటు తిరిగి పడుకున్న నాయన భుజాలు కదిలాయి గాని ఆయన ఇటు తిరగలేదు. పొద్దున లేచి, కుంటుతూ మేస్త్రీ దగ్గరికి పోయి, మొదట అత్త గది తలుపు ఊడదీయమన్నాడు. ఈరన్నకు అర్థం కాలేదు. తలుపుకూ పనికీ ఏమిటి సంబంధం అన్నాడు. తీయమన్నాను తియ్యి అన్నాడు నాయన. తలుపు, దాని గడియా, గొళ్ళెమూ అన్నీ పెరట్లో గోడకు ఆనించి పెట్టారు. అత్త మంచాన్నీ పెట్టెనూ నాయనే పట్టించి, ఆ గుమ్మానికి ఎదురుగా, లోపలంతా కనిపించేచోట వేప కింద వేయించాడు. అక్కా, ఈడ కూసోని సూస్తా ఉండు అన్నాడు. అత్త గుమ్మం వంకా, గోడకు ఆనించిన తలుపు వంకా చూసి, పోయి మంచం మీద కూర్చుంది.

పాతర నోరు రెండు రోజులు తెరిచిపెట్టి, తాడుకు దీపం కట్టి దింపి, ఆరకుండా వెలుగుతోందని చూసుకున్నాక గోడ నుంచి తీసిన రాళ్ళే అందులో పోసి దిమ్మిస కొట్టారు. తర్వాత దూలం. అది పాత రైలు పట్టా, రెండు ముక్కలు పక్కపక్కన చేర్చినవి. ఎక్కడినుంచి తెచ్చినారు, దొంగసొమ్ము కాదు గదా అని అత్త మంచం మీది నుంచే అడిగింది. గోడ రెండు కొసల్లో మిగిల్చిన రాతి కట్టల మీద దిమ్మెరాళ్ళు పరిచి, పట్టాను ఒక కొస ఎత్తి రాళ్ళు పేర్చి, ఇంకో కొస ఎత్తి రాళ్ళు పేర్చి, అట్లా మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోయారు. ఎత్తేటప్పుడు కూలీలు పాడే పదానికి వీధి పిల్లలంతా గోడెక్కి కూర్చున్నారు. దంతెలకూ పట్టాకూ నడుమ ఖాళీల్లో రాతి పలుకులు, సిమెంటు దట్టించి, గోనె పట్టాలు కప్పి, పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లారు. సిమెంటు గట్టిపడేదాకా కర్రలు తియ్యకూడదని మేస్త్రీ చెప్పాడు. అయితే అతని మాట ఇప్పుడు ఎవరూ పూర్తిగా నమ్మేవాళ్ళు కారు. అతనికీ తన మాట మీద అంత నమ్మకం లేదనుకుంటాను, ఎందుకంటే గట్టిపడిందన్నాక కూడా ఇంకొన్ని రోజులు ఉంచాడు. అత్త నిచ్చెనెక్కి పట్టాకూ కర్రకూ నడుమ అక్కడక్కడా మట్టి రుద్ది వచ్చింది. ఈసారి నాయన కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. చీలలు వదులు చేసిన రోజు ఇటొకటి, అటొకటి కొట్టుకుంటూ వస్తుంటే మిద్దె ఒకసారి మూలిగి, కూర్చుంది. అందరం పెరట్లో నిలబడ్డాం. అత్త లోపలికి పోయి ఒక్కో మట్టి ముద్దా వేలితో తడిమి వచ్చి, "బీట్లు ఇయ్యలేదు" అంది. అంతవరకూ ఈరన్న చెవిలోని బీడీ ముట్టించలేదు.

మిషను వచ్చింది. అది చేసే గోలకు వీధి వీధంతా తిట్టింది. సాలలో దానికి అనుకున్న చోట కాక ఒక మూల పెట్టాల్సివచ్చింది, ఎందుకంటే గోడ ఉన్న చోటనే, సరిగ్గా పట్టా కింద, అత్త తన మంచం వేసుకుంది. మొదటి వానకు మిద్దె అంతా కారింది, ఆ చోటు తప్ప. పీర్ల పండుగ చలికాలంలో వచ్చింది. అమ్మా అత్తా ఎదురెదురుగా కూర్చుని చోంగెలనే తీపి రొట్టెలు కాల్చారు, బెల్లం పాకం ఎవరిది ముదిరింది అని వాదులాడుకున్నారు. అమ్మ మీద అత్తకు నమ్మకం కుదిరిందని నేననను. నెయ్యి డబ్బా మూత తీసి చూసుకోవడం మానలేదు. కాని వాదులాడటం మాత్రం అప్పుడే మొదలైంది. అంతకుముందు వాళ్ళకు అది కూడా లేదు.

ఎమ్మిగనూరు జాతరకు చిన్నాయన వచ్చి పిలిస్తే అత్త పోతానంది. మేము నమ్మలేదు. పెట్టెకు రెండు తాళాలూ వేసింది, చెవులు నడుముకు కట్టుకుంది, తలుపు లేదు కాబట్టి మంచం కోళ్ళకు చుట్టూ దారం కట్టింది. జాతర అయ్యేదాకా ఉండి వస్తానని చెప్పి బస్సెక్కింది. మిషను ఆగిన మధ్యాహ్నాల్లో సాల చాలా పెద్దదిగా కనిపించేది. తమ్ముడికి ఒళ్ళు వెచ్చబడి ఒకటే ఏడుపు. ఒకనాటి మధ్యాహ్నం వాణ్ణి జో కొట్టీ జో కొట్టీ విసిగిన అమ్మ, గాలి బాగా ఆడే చోటని, దారం పక్కకు తీసి అత్త మంచం మీద వాణ్ణి పడుకోబెట్టి, తనూ పక్కన వాలి నిద్రపోయింది. అప్పుడే గుమ్మంలో నీడ పడింది. అత్త, సంచి చేతిలో. జాతర ఇంకా నడుస్తూనే ఉంది. చెప్పిన రోజు కంటే ముందే, ఎవరికీ చెప్పకుండా వచ్చేసింది, మేమేం చేస్తున్నామో చూద్దామని.  ఊడదీసిన దారం నేల మీద ఉంది, ఆమె మంచం మీద వేరే మనిషి ఉంది.

అత్త గుమ్మం దగ్గరే ఆగింది. మొదట పెట్టె వంక చూసింది, అది ఉన్నచోటే ఉంది. అలికిడికి అమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుని, కొంగు సర్దుకుంటూ, పిల్లోనికి జరం వదినా, గాలికని, అంటూ దిగబోయింది.

"పండుకో పండుకో. మంచమేం అరిగిపోదులే" అంది అత్త. సంచి కింద పెట్టి, అందులోంచి జాతర బొరుగులూ ఖర్జూరాలూ తీసి నా చేతిలో పోసి, చేతి వెనకవైపు తమ్ముడి నుదుటి మీద పెట్టి చూసి, నేల మీద మంచానికి ఆనుకుని కూర్చుంది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది, తర్వాత నాయన, అమ్మ. స్పాంజి పరుపులు వచ్చాక మిషను పాత ఇనుముకు పోయింది. ఆదోనిలో దూది ఏకించుకునేవాళ్ళు ఇప్పుడు వెతికితే గాని దొరకరు. మట్టి మిద్దెలు పోయాయి, చవుడు మట్టి తోలే బండ్లు పోయాయి, ఏ ఇంటి నేల కింద పాతర ఉందో చెప్పగలిగిన ముసలివాళ్ళు పోయారు. తమ్ముడు ఆ పాత ఇల్లు పడగొట్టి పిల్లర్ల మీద డాబా కట్టాడు. మొన్న ఎండాకాలం నేను పోయేసరికి హాలుకూ పక్క గదికీ నడుమ గోడ తీయిస్తున్నాడు. పొద్దున ఇద్దరు మనుషులు కోసే మిషను తెచ్చారు, మధ్యాహ్నం అన్నానికి గోడ లేదు. ఒక్క కర్ర నిలబెట్టలేదు. బరువంతా పిల్లర్ల మీద ఉంటుందక్కా, ఈ గోడల మీద ఏమీ ఉండదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసెయ్యొచ్చు అన్నాడు. సాయంత్రానికి రాళ్ళూ రప్పలూ ఎత్తేసి నేల కడిగేశారు. ఆ గదిలో ఎవరు పడుకునేవారురా అని అడిగాను. తమ్ముడు కడిగిన నేల వంక చూశాడు.

"ఎవురూ లేరక్కా" అన్నాడు.